‘డెడ్‌వుడ్’ చూడదగునా?

ఒక నాటకము మంచిదా చెడ్డదా యని తేల్చుట ఒక పని. దానిని ఇంటిలోనికి రానీయవచ్చునా యని తేల్చుట వేరొక పని. మొదటిది విమర్శకులు చేయుదురు. రెండవది గృహస్థులు చేసికొనక తప్పదు. సిరోంచ తాలూకాలో తరతరములుగా స్థిరపడియున్న మావంటి తెలుగు కుటుంబములకు ఈ రెండవ పని ఇప్పుడు నిత్యకృత్యమైనది. లోకములోని సకల భాషల నాటకములును అరచేతిలోని ఫోనులో ఆడుచున్నవి. ఏది లోపలికి వచ్చినదో పెద్దలకు తెలియునప్పటికి పిల్లలు దానిని సగము చూచియే యుందురు. కావున ఒక్క ధారావాహికను గూర్చి మా యింటిలో జరిగిన తర్కమును, మేము చేరుకొనిన నిర్ణయమును ఈ సంచిక చదువరుల ముందుంచుట వ్యర్థము కాదని తలంచుచున్నాము.

ఆ ధారావాహిక పేరు ‘డెడ్‌వుడ్’. అమెరికాలో హెచ్.బి.ఓ. అను టెలివిజన్ సంస్థ దీనిని 2004 మార్చి మొదలు 2006 ఆగస్టు వరకు ప్రసారము చేసెను. మూడు విడతలు, విడతకు 12 భాగములు, మొత్తము 36 భాగములు. కథ ముగియకమునుపే ఆగిపోగా, 2019లో ఒక చలనచిత్రము తీసి ముగింపు పలికిరి. సృష్టికర్త డేవిడ్ మిల్చ్ అను రచయిత. హైదరాబాదులో ఉద్యోగము చేయుచున్న మా తమ్ముని కుమారుడు దీనిని చూచి, మమ్ములను కూడ చూడుమని పట్టుపట్టెను. చూడ మొదలిడితిమి. మొదటి అరగంటలో వినబడినన్ని బూతులు మేము బుద్ధెరిగిన పిదప ఏ సంతలోను, ఏ సారా దుకాణము ముందరను వినియుండలేదు. ఇంటి ఆడవారు లేచి వంటయింటిలోనికి పోయిరి. ఇట్టిదానిని మాకేల చూపుచున్నావని అడుగగా మావాడు, “పెద్దబాపూ, తిట్లకు భయపడి ఆపితే అసలు కథ పోతది” అనెను. ఆ మాటలోని నిజమెంతయో తెలిసికొనుటకు మూడు నెలలు పట్టినది.

గుఱ్ఱములు, తుపాకులు, వెడల్పు అంచుల టోపీలు గల కథలను ఆంగ్లములో ‘వెస్టర్న్’ అందురు. తెలుగువారికి ఇవి క్రొత్త గావు. 1971లో కె.ఎస్.ఆర్. దాస్ దర్శకత్వములో, ఆరుద్ర రచనతో, కృష్ణ నటించిన ‘మోసగాళ్ళకు మోసగాడు’ వచ్చినప్పుడు ఆ వేషమునకు మనవారందరును మురిసిపోయిరి. నిధి కొరకు వేట, గుఱ్ఱపుస్వారి, తుపాకుల పోటీ, ఇవియే అందలి ముచ్చట. దుష్టుడెవడో వీరుడెవడో చూడగనే తెలియును. ఇంటిల్లిపాది కూర్చుండి చూచి ఆనందింపవచ్చును. ‘డెడ్‌వుడ్’లో వేషము అదియే గాని వస్తువు వేరు. ఇది ఒక ఊరు పుట్టిన కథ. ఆ ఊరు నేటికిని ఉన్నది.

అమెరికాలోని దక్షిణ డకోటా రాష్ట్రములో నల్లకొండలను కొండలు గలవు. 1868లో ఫోర్ట్ లారమీ వద్ద జరిగిన ఒడంబడికలో ఆ కొండలు లకోటా మున్నగు సూ జాతులవారివేనని అమెరికా ప్రభుత్వము వ్రాసి యిచ్చెను. 1874లో కస్టర్ అను సేనాని దండుతో పోగా, అచ్చట బంగారమున్నదను వార్త పొక్కినది. అంతట జనము తండోపతండములుగా ఆ కొండలమీద పడిరి. 1876 నాటికి ఒక లోయలో గుడారములు, కొయ్య ఇండ్లు, సారాయంగళ్ళు, జూదపు కొట్లు, వేశ్యాగృహములు వెలసినవి. అదియే డెడ్‌వుడ్. ఒడంబడిక ప్రకారము అది ఉండరాని ఊరు. కనుక అచ్చట చట్టము లేదు, న్యాయస్థానము లేదు, భూమికి పట్టా లేదు. ఆ సంవత్సరము ఆగస్టు 2వ తేదీన వైల్డ్ బిల్ హికాక్ అను ప్రసిద్ధుడైన తుపాకివీరుని, పేకాట బల్ల వద్ద కూర్చుండియుండగా, జాక్ మెకాల్ అనువాడు వెనుకనుండి కాల్చి చంపెను. ఊరివారే పంచాయతి కూర్చుండి హంతకుని విడిచిపుచ్చిరి. ఆ పంచాయతికి చట్టబలము లేదని ప్రభుత్వము వానిని యాంక్టన్ పట్టణములో మరల విచారించి 1877 మార్చి 1వ తేదీన ఉరి తీసెను. ధారావాహికలో ముఖ్యులైన అల్ స్వేరెంజన్, సెత్ బుల్లక్ ఇరువురును చరిత్రలోనివారే. మొదటివాడు సారాయంగడిని, వేశ్యలను పెట్టుకొని బ్రతికినవాడు. రెండవవాడు ఇనుపసామాను దుకాణము పెట్టి, పిదప షెరీఫ్ అయినవాడు. రచయిత అడిగిన ప్రశ్న ఒక్కటే: చట్టము లేనిచోట మనుష్యులు ఒకరినొకరు చంపుకొనక కలసి బ్రతుకుట ఎట్లు నేర్చుకొందురు?

ఇక బూతుల మాట. ఆ కాలపు గనివాండ్రు దైవదూషణతో కూడిన ఒట్లు పెట్టుకొనెడివారు. ఆ ఒట్లు నేటి చెవులకు నవ్వు పుట్టించునే గాని వెఱపు పుట్టింపవు. కావున నాటి దూషణముల స్థానమున నేటి బూతులను పెట్టి రచయిత ఆ వెఱపును తిరిగి తెచ్చెను. ఇది ఒక సమాధానము. కాని గృహస్థునకు ఇది చాలదు. తిట్టు కళలోనికి రావచ్చునా యను ప్రశ్నకు మన యింటి సమాధానము మనకుండవలెను.

ఆలోచింపగా, మన సంప్రదాయము తిట్టును పూర్తిగా వెలివేయలేదు. దానికొక చోటును, ఒక కాలమును ఏర్పరచినది. తిట్టుకవిత్వమను పేరుతో మన సాహిత్యములో ఒక శాఖయే గలదు. వేములవాడ భీమకవి నోటికి రాజులు సైతము జంకిరని కథలు చెప్పుకొందుము. తిరుపతి గంగమ్మ జాతరలో భక్తులు వేషములు వేసికొని బూతులు తిట్టుట మ్రొక్కులో భాగము. మనము మరాఠీవారితో కలసి జరుపుకొను శిమగా పండుగనాడు వీథిలో బొబ్బలు పెట్టి తిట్టుట తప్పు గాదు. మరునాడు అదే మాట అన్నచో తప్పు. గురజాడవారి ‘కన్యాశుల్కము’ 1892లో తొలుత ప్రదర్శింపబడినది. వేశ్య, జూదరులు, తాగుబోతులు, దొంగసాక్షులు వారి వారి మాటలలోనే మాటలాడుట ఆ నాటకమునకు ప్రాణము. ఆ మాటలను కడిగి శుభ్రము చేసినచో బాల్యవివాహముల దుర్మార్గమును ఎట్లు చూపగలిగెడివారు?

మరి 2023లో జరిగినదేమి? ఆ సంవత్సరము మార్చి 10వ తేదీన నెట్‌ఫ్లిక్స్‌లో ‘రానా నాయుడు’ వచ్చినది. ‘రే డోనొవన్’ అను అమెరికా ధారావాహికను అనుసరించి తీసినది. వెంకటేశ్, రానా నటించిరి. వెంకటేశ్ చిత్రమనగా పిల్లలను వెంటబెట్టుకొని చూచునదని నమ్మిన కుటుంబములు తెలుగు ప్రతిని పెట్టి, ఆ బూతులకు బిత్తరపోయినవి. హైదరాబాదులో నున్నవారికి ఇది ఒక పూట చర్చ. మావంటివారికి బాధ వేరు. ఇచ్చట బడిలో మరాఠీ, కచేరిలో మరాఠీ, ఉద్యోగమునకు హిందీ, ఇంగ్లీషు. పిల్లలకు తెలుగు వినబడునది ఇంటిలోను, తెరమీదను మాత్రమే. తెరమీది తెలుగు బూతుల తెలుగైనచో, చదువను వ్రాయను రాని తమ మాతృభాషలో వారికి మొట్టమొదట బాగుగా వచ్చునది అదియే యగును. అల్పసంఖ్యాకుల యింటిలో ఒక్కొక్క మాటకు విలువ హెచ్చు. కనుకనే మాకు భయమును హెచ్చు.

ఈ తర్కము నడచుచుండగా, మా వీథిలోని ఒక ముసలవ్వ, ధారావాహికను చూడకుండగనే, మాకొక కొలబద్ద నిచ్చినది. “తిట్టుదేమున్నది బిడ్డా! ఎవలు ఎవలను తిట్టిండ్రు, ఎందుకు తిట్టిండ్రు, గది చూడాలె” అన్నది. ఆ కొలబద్దను పట్టుకొని మరల మొదటినుండి చూచితిమి.

అప్పుడు కొన్ని సంగతులు కనబడినవి. రెండవ విడతలో వోల్కాట్ అను భూగర్భశాస్త్రవేత్త వచ్చును. మంచి దుస్తులు, మంచి మర్యాద, మెత్తని మాట. అతడే నిస్సహాయలైన వేశ్యల గొంతులు కోయును. నోరు తెరచిన బూతు తప్ప రాని స్వేరెంజన్ కూడ హంతకుడే. కాని ఊరిలో మశూచి అంటుకొన్నప్పుడు తన సారాయంగడిలోనే పెద్దలను కూర్చుండబెట్టి, మందు తెచ్చుటకు రౌతులను పంపు ఏర్పాటు చేయించును. ఆ సభలో తినుటకు డబ్బాలోని పీచు పండ్లు పెట్టుదురు. చట్టము లేని ఊరిలో అదియే మొట్టమొదటి ప్రభుత్వము. మొదటి విడత చివర వైద్యుడు, కాలు ఈడ్చుచు నడచు జ్యూయెల్ అను పనికత్తెకు తోలుతోను ఇనుముతోను ఊతము చేసి యిచ్చి, ఆమెతో నాట్యమాడును. ఆ బురదలో, ఆ బూతులలో ఇంత దయ ఎట్లు మొలచినదా యని మేము కొంతసేపు మాటలాడలేకపోతిమి. గడ్చిరోలి యనగానే బయటివారు తుపాకి మ్రోతలనే తలంతురు. అట్టి పేరు మోయుచున్న సీమలోను మనుష్యులు పెండ్లిండ్లు చేసికొందురనియు, రోగమునకు ఒకరికొకరు సాయపడుదురనియు ఎరిగిన మనకు ఈ దృశ్యములు సుబోధములు.

మమ్ములను అన్నిటికంటె ఎక్కువగా పట్టుకొనినవాడు వూ అను చీనావాడు. ఆ ఊరిలో చీనావారి వీథి యొకటి గలదు. దానికి అతడు పెద్ద. అతనికి ఇంగ్లీషు రాదు. వచ్చినది స్వేరెంజన్ పేరు, అదియును వంకరగా, మరియొక బూతుమాట. తన మనుష్యులను చంపి సరకు దోచిరని చెప్పుటకు అతడు కాగితముమీద బొమ్మలు గీసి, దొంగలను చూపి ఆ బూతుమాటనే మరల మరల పలుకును. కోపమునకు అదే మాట, దుఃఖమునకు అదే మాట, ప్రశ్నకు అదే మాట. చూచువారు నవ్వుదురు, మేమును నవ్వితిమి. కాని పరాయి ఊరిలో బ్రతుకబోయినవానికి ముందుగా వచ్చు మాట తిట్టే గదా! బడిలో మన పిల్లలకు మరాఠీ తిట్టు ముందు వచ్చును, మరాఠీ పద్యము పిదప వచ్చును. వూ నోటిలోని బూతు అతని సంస్కారమునకు కొలత గాదు. ఆ ఊరు అతనికి నేర్పిన దంతయే. రెండవ విడత చివర అతడు తన జడను తానే కోసికొని, తానిక అమెరికావాడనని చాటును. ఆ కత్తిరింపును చూచి మా యింటిలో ఎవ్వరును నవ్వలేదు. రెండు భాషల నడుమ బ్రతుకువారు ఏదో యొక జడను కోసికొనుచునే యుందురు.

ఇంతవరకు మా తీర్పు ధారావాహికకు అనుకూలము. అయినను దానిలో ఒక పెద్ద లోపము గలదు. అది బూతులలో లేదు. అది కనబడుటకు సరిహద్దువారి కన్ను కావలెను. ముందుగా మన యూరి మాట చెప్పవలెను.

1858 ఏప్రిల్ చివర ప్రాణహిత ఒడ్డున చించ్‌గోండి వద్ద తంతితీగెల పనివారి శిబిరముమీద తిరుగుబాటుదారులు పడి, గార్ట్‌లండ్, హాల్ అను ఇద్దరు తెల్లవారిని చంపిరి. ఆ తిరుగుబాటు నాయకుడు మొలంపల్లి గోండు జమీందారు బాబూరావు షెడ్మాకే; ఆయనను అదే సంవత్సరము అక్టోబరు 21వ తేదీన చాందాలో ఉరి తీసిరి. 1860లో నైజాముకును ఇంగ్లీషువారికిని జరిగిన ఒడంబడికతో గోదావరి, ప్రాణహితల ఎడమగట్టు సీమ ఇంగ్లీషువారికి పోయినది. సిరోంచ ఎగువ గోదావరి జిల్లాకు ముఖ్యపట్టణమై, తరువాత చాందా జిల్లాలో కలసినది. 1956లో బొంబాయి రాష్ట్రమునకు, 1960లో మహారాష్ట్రమునకు, 1982లో క్రొత్తగా ఏర్పడిన గడ్చిరోలి జిల్లాకు చేరినది. ఊరు కూర్చున్నచోటనే యుండగా నాలుగు ప్రభుత్వములు దానిమీదుగా నడచిపోయినవి. ‘డెడ్‌వుడ్’ రెండవ విడత కూడ తంతిస్తంభములు ఊరికి వచ్చుటతోనే ఆరంభమగును. ఆ స్తంభములను మిద్దెమీదినుండి చూచి స్వేరెంజన్ విసుగుకొనును. దూరపు ప్రభుత్వము తీగెవెంట వచ్చుచున్నదని వానికి తెలియును. ప్రాణహిత ఒడ్డువారికి ఇది పరాయికథగా తోచదు.

కాని ప్రాణహిత కథలో షెడ్మాకే పేరున్నది, ఆయన మాట ఉన్నది, ఆయన మరణ దినము ఉన్నది. ‘డెడ్‌వుడ్’లో ఆ కొండల అసలు యజమానులైన లకోటాలు ఎచ్చట? ఒక లకోటా యోధుడు బుల్లక్ మీదికి వచ్చి, కొన్ని నిమిషములు పోరాడి, చచ్చిపోవును. మరియొకడు తల మాత్రమే. మొదటి భాగములలో స్వేరెంజన్ లకోటాల తలకు వెల కట్టును. తెగిన తల యొకటి పెట్టెలో చుట్టబడి అతని గదిలో చేరును. తరువాతి విడతలలో అతడు ఆ పెట్టెను ముందుంచుకొని తన కష్టసుఖములు చెప్పుకొనును. తల బదులు చెప్పదు. 36 భాగములలో వేలకొలది మాటలు, వందలకొలది బూతులు; భూమి యజమాని మాత్రము పెట్టెలోని మౌనము. స్వేరెంజన్ మనస్సు ఎట్టిదో చూపుటకు రచయిత తెలిసియే అట్లు వ్రాసియుండవచ్చును. అయినను చూచువానికి మిగులునది ఆ మౌనమే. మా దృష్టిలో ఈ ధారావాహికలోని అసలైన అశ్లీలము ఇదియే.

చరిత్రలో వారు మౌనముగా నుండలేదు. నల్లకొండలను లాగుకొనుట అన్యాయమని వారు దశాబ్దముల కాలము వ్యాజ్యెము నడపిరి. 1980లో అమెరికా సుప్రీంకోర్టు వారి పక్షమున తీర్పు చెప్పి, వడ్డీతో కలిపి 10 కోట్ల డాలర్లకు మించిన పరిహారమును నిలబెట్టెను. వారు ఆ సొమ్మును ముట్టలేదు, కొండలే కావలెననిరి. 1877లో జార్జ్ హర్స్ట్ కొన్న హోమ్‌స్టేక్ గని 2002 వరకు బంగారము త్రవ్వినది. ఆ గనుల ధనికుడే మూడవ విడతలో ఊరిని మ్రింగవచ్చును. మన యెటపల్లి తాలూకాలోని సురజాగఢ్ కొండ మాడియా గోండులకు దేవతాస్థానము. దానినుండి నేడు ఇనుపరాయి త్రవ్వుచున్నారు. కనుక కొండ ఎవరిది, మాట ఎవరిది యను ప్రశ్న మనకు ఏడు సముద్రముల ఆవలిది గాదు.

మరి మన సంగతి యేమి? మన పెద్దలలో కొందరు సేద్యమునకు, కొందరు వ్యాపారమునకు, కొందరు అడవి పనులకు ఈ ఒడ్డున నిలిచిరి. మన కుటుంబ చరిత్రలు చెప్పుకొనునప్పుడు, అడవి కొట్టి ఊరు కట్టితిమని గర్వముతో చెప్పుకొందుము. ఆ అడవిలో అప్పుడెవరుండిరి? సంతకు వచ్చిన గోండు మనతో తెలుగులో బేరమాడును. మనలో గోండి మాటలాడగలవారు ఎందరు? మరాఠీవారి నడుమ మన భాషకు చోటు లేదని మనము బాధపడుదుము. ఆ బాధ న్యాయమైనదే. ఆ బాధనే మనలను గూర్చి పడువారు అడవిలో నున్నారని గుర్తుంచుకొనినచో మన మాటకు బలము పెరుగును. మన కథలలో గోండు ఏ రూపమున నున్నాడు? మాటలాడు మనిషిగానా, పెట్టెలోని తలగానా?

కావున మా తీర్పు ఇది. పిల్లల యెదుట ఈ ధారావాహిక వలదు. బూతుల కొరకే గాదు, హింస కొరకును, స్త్రీలను సరకువలె అమ్ముట చూపు దృశ్యముల కొరకును. మామగారు, కోడండ్రు కలసి కూర్చుండి చూచునదియు గాదు. వయస్సు వచ్చినవారు, ఇంగ్లీషు అక్షరముల సాయముతోనైనను, దినమునకొక భాగము చొప్పున నిదానముగా చూడవలెను. మొదటి నాలుగు భాగములు కష్టపెట్టును. మశూచి సభ వరకు ఓపిక పట్టినవారికి పిదప విడువబుద్ధి కాదు. చూచుటకు ముందు 1868 ఒడంబడిక సంగతి తెలిసికొనవలెను. అది తెలియక చూచినవారికి ఊరి కథ తెలియును గాని, ఊరి క్రింది నేల కథ తెలియదు. చదువుకొన్న యువకులు దీనిని మెచ్చుకొన్నప్పుడు పెద్దలు తిట్లను లెక్కపెట్టుచు కూర్చుండక, పెట్టెలోని తలను గూర్చి వారినడుగవలెను. మా యింటిలో అట్లడిగిన దినమున చర్చ అర్ధరాత్రి దాటినది.

ఈ సందర్భమున మా మనవి యొకటి. ఇట్టి సంచికలలో మన పండుగలు, మన పద్యములు, మన పెద్దల జ్ఞాపకములు అచ్చుపడుచున్నవి, అవి యుండవలసినవే. రాబోవు సంచికలో నాలుగు పుటలు విడిచి, తెలుగు కుటుంబములు తమ ఊళ్ళకు వచ్చిన కాలమును గూర్చి గోండు, మాడియా వృద్ధులు ఏమి చెప్పుకొందురో వారి నోటనే విని, వారి మాటలో ముందును, మన మాటలో తరువాతను అచ్చువేయుదురు గాక. అందులో మనకు వినుటకు ఇంపుగా లేని మాటలు కొన్ని ఉండవచ్చును. వానిని కొట్టివేయక అచ్చువేయవలెనని సంపాదకవర్గమును కోరుచున్నాము.